పాఠకుల ప్రశ్నలు: తిరిగొచ్చే వ్యోమనౌక చుట్టూ ఆ వెలుగేమిటి?

శుభాంశు శుక్లా ప్రయాణించిన డ్రాగన్ నౌక 2025 జులై 15న కాలిఫోర్నియా తీరానికి దగ్గర్లో సముద్రంలో దిగింది. దిగేటప్పుడు కిటికీల బయట కనిపించే నారింజ రంగు వెలుగు గురించి కోనసీమ నుంచీ, పశ్చిమ డెల్టా నుంచీ చాలా ఉత్తరాలొచ్చాయి. ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవాటిని కలిపి ఇక్కడ జవాబిస్తున్నాం.

“గాలి రాపిడి వల్ల వ్యోమనౌక వేడెక్కి వెలుగుతుందని చదువుకున్నాం. మా లెక్చరర్ గారు రాపిడి కాదు, గాలి నలగడం వల్ల అంటున్నారు. ఏది నిజం? గాలి ప్లాస్మాగా ఎలా మారుతుంది?”
– బీఎస్సీ విద్యార్థిని, అమలాపురం

మీ లెక్చరర్ గారి మాటే నిజం. రాపిడి అసలు లేదని కాదు. నౌక ఒంటిని ఆనుకుని జారే సన్నటి గాలి పొరలో రాపిడి ఉంది, దాని వేడీ ఉంది. కానీ నౌక ముందు అంతగా వెలిగేది రాపిడి వల్ల కాదు, గాలి ఒక్కసారిగా నలిగిపోవడం వల్ల.

అంతర్వేది, ఓడలరేవుల నుంచి వేటకెళ్ళే బోట్ల డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు ఉండదు. పిస్టన్ లేచి సిలిండర్లోని గాలిని పదహారు, పదిహేడో వంతుకు నొక్కేసరికి ఆ గాలే 500 డిగ్రీలు దాటి వేడెక్కి డీజిల్‌ను అంటిస్తుంది. నౌక ముందు జరిగేదీ ఇదే. పిస్టన్ వేగం సెకనుకు పది మీటర్ల లోపు, నౌక వేగం సెకనుకు 7.8 కిలోమీటర్లు. తేడా అంతా అక్కడే ఉంది.

ఎదురుగా ఏదో వస్తోందన్న సంగతి గాలిలో పాకేది ధ్వని వేగంతోనే. నౌక దానికి సుమారు పాతిక రెట్ల వేగంతో వస్తుంది. పక్కకు తప్పుకునే వ్యవధి లేక అణువులు నౌక ముందు పోగుపడతాయి. అలా పోగుపడిన గాలికీ, ఇంకా ఏమీ తెలియని ముందున్న గాలికీ మధ్య ఏర్పడే పలచని హద్దునే షాక్ వేవ్ అంటాం. ఇది నౌకకు అంటుకుని ఉండదు. నాలుగైదు మీటర్ల వ్యాసార్థంతో వంపు తిరిగిన మొద్దు అడుగు ఉన్న నౌకకు జానెడు అటూ ఇటూగా దూరంలో నిలుస్తుంది. ఆ జానెడు సందులోనే ప్లాస్మా, అంటే విడి ఎలక్ట్రాన్లూ అయాన్లూ కలిసిన వేడి వాయువు, పుడుతుంది.

ఇది ఏ ఎత్తులో మొదలవుతుందో చూద్దాం. 120 కి.మీ. దగ్గర గాలి సాంద్రత మన డెల్టా నేల మీది సాంద్రతలో ఐదు కోట్లవ వంతుకు కూడా రాదు. అణువులు విడివిడిగా వచ్చి నౌకకు కొట్టుకుంటాయి, షాక్ వేవ్ కట్టేంత గుంపు ఉండదు. 80 కి.మీ.కి దిగేసరికి సాంద్రత 66 వేలవ వంతు, 60 కి.మీ. దగ్గర నాలుగు వేలవ వంతు. ఆ మధ్యలోనే వెలుగు ముదురుతుంది. ఇంకా కిందికొస్తే గాలి చిక్కనే, కానీ అప్పటికి నౌక వేగం పడిపోయి ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగమంతా వేడిగా మారిందనుకుని, గాలి విశిష్టోష్ణాన్ని మామూలు విలువగానే తీసుకుని లెక్క కడితే 28,000 కెల్విన్లు వస్తుంది. నిజంగా ఉండేది ఆరు నుంచి ఎనిమిది వేలు మాత్రమే. మిగతా శక్తి ఏమైందంటే, అణువులు విరగడానికి ఖర్చయింది. మామూలు వాతావరణ పీడనంలో 2,500 కెల్విన్ల దగ్గర ఆక్సిజన్ జంటలు విడిపోవడం మొదలై 4,000 దగ్గరికి దాదాపు పూర్తవుతుంది. నైట్రోజన్ అక్కడి నుంచి విరగడం మొదలవుతుంది. పైన పీడనం తక్కువ కాబట్టి ఇవన్నీ ఇంకాస్త ముందే జరుగుతాయి. ఆక్సిజన్ జంటను విడదీయడానికి 5.1 ఎలక్ట్రాన్ వోల్టులు (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం), నైట్రోజన్ జంటకు 9.8 కావాలి. ఈ ఖర్చే ఉష్ణోగ్రతకు కళ్ళెం వేస్తోంది.

ఇక ఎలక్ట్రాన్లు ఎక్కడి నుంచి వస్తాయి? నైట్రోజన్ అణువు నుంచి నేరుగా ఎలక్ట్రాన్‌ను లాగాలంటే 15.6 ఎలక్ట్రాన్ వోల్టులు పెట్టాలి. ఏడెనిమిది వేల కెల్విన్ల గాలిలో అంత గట్టి ఢీలు అరుదు. దీనికి సులువైన దారి ఒకటుంది. విడిపోయిన ఒక నైట్రోజన్ పరమాణువు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఢీకొని నైట్రిక్ ఆక్సైడ్‌గా కలిస్తే 6.5 ఎలక్ట్రాన్ వోల్టులు విడుదలవుతాయి. నైట్రిక్ ఆక్సైడ్ నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి 9.26 చాలు. అంటే ఢీకొనే వేగం నుంచి రావలసినది 2.76 మాత్రమే. భూకక్ష్య నుంచి దిగే నౌక చుట్టూ ఉండే ఎలక్ట్రాన్లలో అత్యధిక భాగం ఈ దారినే పుడతాయి. చంద్రుడి దగ్గర నుంచి సెకనుకు 11 కి.మీ. వేగంతో వచ్చే నౌక సంగతి వేరు. అక్కడ పుట్టిన ఎలక్ట్రాన్లే తిరిగి పరమాణువులను కొట్టి మరిన్ని ఎలక్ట్రాన్లను రాలుస్తాయి, సంఖ్య అమాంతం పెరుగుతుంది.

ప్లాస్మా అనగానే గాలి మొత్తం అయాన్లుగా మారిందనుకోవద్దు. కక్ష్య నుంచి దిగేటప్పుడు అయాన్లుగా మారేవి వెయ్యికి ఒకటి కూడా ఉండవు. రేడియోను అడ్డుకోవడానికి ఆ కాస్తే చాలు. కంటికి కనిపించే వెలుగు ఎక్కువగా ఉత్తేజం పొందిన పరమాణువులూ అణువులూ మళ్ళీ కింది స్థాయికి దిగేటప్పుడు వదిలేది. నైట్రోజన్ అయాన్ల నుంచి ఊదా, నీలం వస్తాయి. నౌకను వేడి నుంచి కాపాడే కవచం (హీట్‌షీల్డ్) నుంచి రాలే సోడియం పసుపు కలుపుతుంది. కాలిన కార్బన్ నైట్రోజన్‌తో కలిసి మళ్ళీ ఊదా ఇస్తుంది. ఎర్రగా కాగిన కవచం వెలుగు వీటన్నిటికీ తోడు. అందుకే ఒక నౌక వీడియోలో నారింజగా, మరొక దాంట్లో గులాబీగా కనిపిస్తుంది.

ఈ లెక్క కూడా గుర్తుంచుకోండి. 7.8 కి.మీ. వేగంతో పోయే ప్రతి కిలో బరువులో 30 మెగాజౌళ్ళ శక్తి ఉంటుంది. కిలో ఇనుమును కరిగించి, మరిగించి, ఆవిరి చేయడానికి తొమ్మిది మెగాజౌళ్ళ లోపే సరిపోతుంది. ఆ 30 మెగాజౌళ్ళూ నౌకలోకే పోతే నౌకే మిగలదు. అందులో కొద్ది శాతం తప్ప మిగతాదంతా గాలి తీసుకుని వెనక్కి పోతుంది. చూసేవాళ్ళకు అది నౌకను కాల్చే మంటలా అనిపిస్తుంది గానీ, నౌక వదిలించుకుంటున్న శక్తే అలా వెలుగుతోంది.

“విమానం ముక్కు, రాకెట్ ముక్కు సూదిగా ఉంటాయి కదండీ. వెనక్కి వచ్చే నౌకకు మొద్దు అడుగు ఎందుకు?”
– ఇంజనీరింగ్ విద్యార్థి, భీమవరం

మొదట్లో అందరూ సూది ముక్కే గీశారు. దాన్ని తిరగేసింది అమెరికాలోని ఏమ్స్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన జూలియన్ ఆలెన్, 1950ల తొలినాళ్ళలో. సూది ముక్కుకు షాక్ వేవ్ అంటుకుని ఉంటుంది, వేడి గాలి నేరుగా లోహం మీదే పడుతుంది. మొద్దు ముఖం ముందు షాక్ వేవ్ దూరంగా నిలబడుతుంది. శక్తి ఎక్కువగా గాలిలోకే పోతుంది.

అంకెల్లో చెప్పాలంటే, ముక్కు నడిమిన పడే ఉష్ణప్రవాహం గాలి సాంద్రతను ముక్కు వంపు వ్యాసార్థంతో భాగించి తీసిన వర్గమూలానికీ, వేగపు ఘనానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. 65 కి.మీ. ఎత్తులో సెకనుకు 7 కి.మీ. వేగంతో వచ్చే నౌకకు వంపు వ్యాసార్థం 4 మీటర్లయితే చదరపు సెంటీమీటరుకు దాదాపు 40 వాట్లు పడతాయి. అదే 4 సెంటీమీటర్లయితే 400 వాట్లు. వేగం మీద ఘనం ఉందని గమనించండి. వేగం పదో వంతు తగ్గితే వేడి నాలుగో వంతుకు పైగా తగ్గిపోతుంది.

అలాగని ఎంత మొద్దుగా చేస్తే అంత మంచిదనుకోకూడదు. చంద్రుడి నుంచి వచ్చే వేగాల్లో షాక్ పొర తానే వెలుగు రూపంలో వేడిని నౌక మీదికి చిమ్ముతుంది, ఆ పొర మందమైతే ఈ వేడి పెరుగుతుంది. పైగా కవచం తయారీలో తేడా వస్తే ఆకారం ఒక్కటే కాపాడలేదు. 2022 డిసెంబరు 11న నాసా ఆర్టెమిస్-1 నౌక చంద్రుడి దగ్గర నుంచి తిరిగొచ్చాక చూస్తే, హీట్‌షీల్డ్ పైన మాడిన పొర వందకు పైగా చోట్ల పెచ్చులుగా ఊడింది. ఆ నౌక ఒకసారి గాలిలో మునిగి, కాస్త పైకి లేచి, మళ్ళీ మునిగింది. ఆ మధ్య విరామంలో లోపలి పదార్థం వేడికి వాయువు వదులుతూనే ఉంది, పైపొరలో మాత్రం అది బయటికి పోయేంత సూక్ష్మరంధ్రాలు లేవు. లోపల ఒత్తిడి పెరిగి పగుళ్ళిచ్చిందని నాసా 2024 డిసెంబరులో చెప్పింది. కాలిపోయే కవచం సరిగ్గా కాలాలి, లోపలి వాయువుకు దారి ఇవ్వాలి. కవచం అంటే గట్టిదనం ఒక్కటే అనుకునేవాళ్ళు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

“వేగం తగ్గించుకుని మెల్లగా దిగితే ఈ బాధ ఉండదు కదా?”
– రావులపాలెం

ఉండదు, కానీ ఇంధనం మోయాలి. ఒక టన్ను నౌక 7.8 కి.మీ. వేగాన్ని రాకెట్‌తోనే పూర్తిగా తగ్గించుకోవాలంటే వ్యోమనౌకల్లో నిలవుంచుకునే ద్రవ ఇంధనాలైతే దాదాపు పదకొండు టన్నులు కావాలి. ఆ పన్నెండు టన్నులను ముందు పైకి పంపాలి. అందుకే ఇంజన్లతో తగ్గించేది సెకనుకు వంద మీటర్ల చిల్లరే, మిగతా పనంతా గాలిది.

“నౌక దిగేటప్పుడు కొన్ని నిమిషాలు మాటలు వినపడవంటారు. మరి స్టార్‌షిప్ దిగుతుంటే ప్లాస్మా మధ్య నుంచే లైవ్ వీడియో ఎలా వచ్చింది?”
– పాలకొల్లు, నరసాపురం నుంచి ఇద్దరు పాఠకులు

దీనికి ఒక చిన్న సూత్రం ఉంది. ఘనపు సెంటీమీటరులో ఎన్ని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉన్నాయో ఆ సంఖ్యకు వర్గమూలం తీసి తొమ్మిదితో గుణించండి. వచ్చేది కిలోహెర్ట్జ్‌లలో ఆ ప్లాస్మా హద్దు. అంతకంటే తక్కువ పౌనఃపున్యమున్న రేడియో తరంగం ప్లాస్మాలోకి దూరలేదు, తిరిగి వెనక్కి పోతుంది.

సిలోన్ రేడియో షార్ట్‌వేవ్‌లో విన్న పెద్దవాళ్ళు ఈ సూత్రాన్ని వాడుకున్నవాళ్ళే. పగటి అయనావరణంలో (ఎండకు ఎలక్ట్రాన్లు ఊడే పైగాలి పొరలో) ఘనపు సెంటీమీటరుకు పది లక్షల ఎలక్ట్రాన్లు ఉంటాయి. వర్గమూలం వెయ్యి, తొమ్మిదితో గుణిస్తే 9,000 కిలోహెర్ట్జ్, అంటే 9 మెగాహెర్ట్జ్. నిట్టనిలువుగా పంపినా అంతవరకూ తిరిగొస్తుంది. ఏటవాలుగా పంపితే ఇంకా ఎక్కువ పౌనఃపున్యాలు కూడా వంగి వస్తాయి. సముద్రం దాటి పాట వినిపించింది అందుకే.

ఇప్పుడు నౌక దగ్గరికి రండి. చాలా నౌకలు మాట్లాడేది 2.2 గిగాహెర్ట్జ్ దగ్గర. దాన్ని ఆపడానికి ఘనపు సెంటీమీటరుకు 6,000 కోట్ల ఎలక్ట్రాన్లు చాలు. 70 కి.మీ. ఎత్తులో నౌక ముందు పొరలో ఉండేవి పది లక్షల కోట్లు. ఆ లెక్కన హద్దు 28 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది. జీపీఎస్ సంకేతం 1.575 గిగాహెర్ట్జ్, అదీ అందదు. ట్రాన్స్‌మిటర్ పవర్ పెంచినా లాభం లేదు, తరంగం వెనక్కి తిరుగుతోందే తప్ప బలహీనపడటం లేదు. ఆ నిమిషాల్లో నౌక తన గైరోస్కోపులూ, త్వరణమాపకాలూ చెప్పిన లెక్క మీదే దారి నడుపుకుంటుంది. డ్రాగన్ విషయంలో ఈ మౌనం సుమారు ఆరు నిమిషాలు.

దీన్ని దాటడానికి రెండు దారులు పనిచేశాయి. 1967లో నాసా రామ్-సి అనే ప్రయోగంలో నౌక పక్క నుంచి ప్లాస్మాలోకి నీళ్ళు చిమ్మి చూశారు. నీటి తుంపరలు ప్లాస్మాను చల్లార్చి, ఎలక్ట్రాన్లను పట్టుకున్నాయి. చిమ్మినంతసేపూ సంకేతాలు తిరిగొచ్చాయి. కానీ ఆ నీటి బరువు మోయాలి, అందుకే ఇది మామూలు పద్ధతి కాలేదు. రెండోది, ప్లాస్మా అన్ని వైపులా ఒకేలా ఉండదన్న సంగతిని వాడుకోవడం. పొట్ట వైపు దట్టంగా ఉన్నా, వీపు వైపు వేడి గాలి వ్యాకోచించి చల్లబడి పలచబడుతుంది. పెద్ద నౌక అయితే వీపు వైపు తెరపి మరీ ఎక్కువ. స్పేస్ షటిల్ నేల మీది కేంద్రాలకు కాకుండా పైనున్న ఉపగ్రహాలకు సంకేతాలు పంపడం మొదలుపెట్టాక ఈ మౌనం చాలావరకు పోయింది. 2024 మార్చి 14న స్పేస్‌ఎక్స్ సంస్థ భారీ నౌక స్టార్‌షిప్ చేసింది ఇదే. యాంటెన్నాలు ఆకాశం వైపు, అవతల స్టార్‌లింక్ ఉపగ్రహాలు. డ్రాగన్ లాంటి చిన్న గుండ్రటి నౌకకు వెనకవైపు అంత తెరపి దొరకదు.

“శిరీష బండ్ల, గోపీచంద్ తోటకూర గార్లు కూడా అంతరిక్షానికి వెళ్ళొచ్చారు కదా. వాళ్ళ నౌకలకు ఈ వెలుగు ఎందుకు రాలేదండీ?”
– రాజోలు

ఎత్తు ఉంది, వేగం లేదు. 2021 జులై 11న శిరీష గారి నౌక 86 కి.మీ. ఎత్తుకు వెళ్ళింది. వేగం ధ్వనికి మూడు రెట్లు. 2024 మే 19న గోపీచంద్ గారి నౌక వంద కి.మీ. దాటింది, అదీ దాదాపు నిట్టనిలువుగా లేచి నిలువునా దిగింది. సెకనుకు ఒక కి.మీ. వేగానికి కిలోకు అర మెగాజౌలే, కక్ష్య వేగంతో పోలిస్తే అరవయ్యో వంతు. ఆక్సిజన్ అణువు విరగదు.

ముమ్మిడివరం నుంచి ఇంకొకరు, పైకి వెళ్ళే రాకెట్‌కు ఎందుకు రాదని అడిగారు. రాకెట్ చిక్కటి గాలిని నెమ్మదిగా దాటేసి, గాలి దాదాపు లేని చోటికి వెళ్ళాకే వేగం అందుకుంటుంది. చంద్రయాన్-3 దిగినప్పుడు రాకపోవడానికి కారణం ఇంకా తేలిక, చంద్రుడి మీద గాలే లేదు.

“మన ఇస్రో ఇలా వేడిని తట్టుకుని తిరిగొచ్చే నౌకను ఎప్పుడైనా చేసిందా?”
– యానాం

చేసింది. 2007 జనవరి 10న పీఎస్‌ఎల్‌వీతో పంపిన 550 కిలోల ఎస్‌ఆర్‌ఈ-1 నౌక పన్నెండు రోజులు కక్ష్యలో తిరిగి, 22న బంగాళాఖాతంలో దిగింది. ఎక్కువ వేడి పడే ముక్కుకు కాలుతూ కాపాడే కార్బన్ ఫినాలిక్, మిగతా ఒంటికి సిలికా పలకలు వాడారు. 2014 డిసెంబరు 18న ఎల్‌వీఎం-3 రాకెట్ తొలి పరీక్షలో, మనుషులు కూర్చునే గుళిక నమూనాను 126 కి.మీ. ఎత్తు నుంచి వదిలారు. బరువు మూడున్నర టన్నులకు పైనే. కక్ష్య వేగం కాకపోయినా సెకనుకు ఐదు కి.మీ. దాటిన ఆ ప్రయాణంతో పెద్ద నౌక కవచం మీద పడే వేడి కొలతలు దొరికాయి.

“కక్ష్యలో తిరిగేటప్పుడు కూడా షటిల్ తోక చుట్టూ ఎర్రటి కాంతి కనిపించే ఫోటో చూశాను. అక్కడ కూడా ప్లాస్మాయేనా?”
– కాకినాడ

కాదు. మంచి ప్రశ్న, చాలామంది రెండింటినీ ఒకటే అనుకుంటారు. 1982 మార్చిలో షటిల్ మూడో ప్రయాణంలో ఈ కాంతి ఫోటోల్లో తేటగా పడింది. అక్కడ షాక్ వేవ్ లేదు, గాలి అంత లేదు.

ఆ ఎత్తులో ఉండేది ఎక్కువగా విడి ఆక్సిజన్ పరమాణువులు. నౌక వేగం వల్ల ఒక్కొక్కటి ఐదు ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో ముందుముఖానికి తగులుతుంది. అక్కడ అంటుకుని ఉన్న నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిసి నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది. అది ఉత్తేజిత స్థితిలో ఊడిపడి, పది ఇరవై సెంటీమీటర్ల దూరం పోయేలోగా వెలుగు వదిలేస్తుంది. అందుకే ఆ కాంతి లోహానికి అంటుకోకుండా ఒక పొరలా కనిపిస్తుంది. అది 680 నానోమీటర్ల దగ్గర, ఎరుపులో, ఎక్కువ. ఉపరితలం ఎంత చల్లగా ఉంటే నైట్రిక్ ఆక్సైడ్ అంత బాగా అంటుకుంటుంది కాబట్టి కాంతీ పెరుగుతుంది. తక్కువ కక్ష్యలో టెలిస్కోపు, నక్షత్రాలను చూసి దిక్కు పట్టే కెమెరా అమర్చేవాళ్ళు ముందుముఖం వాటి చూపులో పడకుండా జాగ్రత్తపడాలి.

“కల్పనా చావ్లా ఉన్న కొలంబియాలోకి ప్లాస్మా ఎలా దూరింది? అంత పలచని గాలి రెక్కను కరిగించగలదా?”
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కొత్తపేట

2003 జనవరి 16న పైకి లేచిన 82వ సెకనులో, బయటి ట్యాంకు నుంచి ముప్పావు కిలో నురుగు ముక్క ఊడి ఎడమ రెక్క ముందంచుకు తగిలింది. నౌకతో పోలిస్తే దాని వేగం సెకనుకు దాదాపు 240 మీటర్లు. ఆ అంచుకు బిగించిన కార్బన్ పలకల్లో ఎనిమిదో దానికి చిల్లు పడింది. ఆ పలకలు 1,650 డిగ్రీల వరకు తట్టుకుంటాయి. వాటి వెనకున్న అల్యూమినియం చట్రాన్ని మాత్రం 175 డిగ్రీలు దాటనివ్వకూడదు. కక్ష్యలో ఉన్నన్నాళ్ళూ ఆ చిల్లు వల్ల ఏ ఇబ్బందీ కనిపించలేదు.

ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో 122 కి.మీ. ఎత్తు దాటిన నాలుగున్నర నిమిషాలకే ఆ పలకల వెనకున్న సెన్సార్ తేడా చూపడం మొదలైంది. లోపలికి దూరినది ఎక్కువగా విరిగిన అణువుల వేడి గాలి. ఇక్కడ పలచదనం గురించి మీ సందేహానికి జవాబుంది. విడిపోయిన పరమాణువులు చల్లటి లోహం తగలగానే మళ్ళీ జంటలు కడతాయి. మొదటి జవాబులో చెప్పిన 5.1, 9.8 ఎలక్ట్రాన్ వోల్టులను ఆ లోహం మీదే వదులుతాయి. అంటే గాలి తన వేడితో పాటు దాచుకున్న శక్తిని కూడా అక్కడే దించేస్తుంది. షటిల్ పలకల పైన గాజు పూత పూసింది కొంతవరకు ఈ జంటకట్టడాన్ని తగ్గించడానికే. లోపలి అల్యూమినియానికి ఆ రక్షణ లేదు. 122 కి.మీ. ఎత్తు దాటిన సుమారు పదిహేను నిమిషాలకు, 61 కి.మీ. ఎత్తులో, సంకేతాలు ఆగిపోయాయి. ఏడుగురూ చనిపోయారు. 2003 జులైలో అలాంటి నురుగు ముక్కనే అలాంటి పలక మీదికి పేల్చి చూస్తే మూరెడుకు దగ్గరగా వెడల్పున్న చిల్లు పడింది. ఆ తర్వాత వెళ్ళిన ప్రతి షటిల్‌నూ కక్ష్యలోనే పొడవాటి చేతికి కెమెరా బిగించి, అంచులన్నీ వెతికాకే దింపారు.

“రాత్రి వేటలో ఉండగా నిప్పుల ముక్కలు వరసగా పోవడం చూశామండీ. అది ఉల్కా, శాటిలైటా? అలాంటి ముక్క వలకు చిక్కితే ఏం చెయ్యాలండీ?”
– అంతర్వేది తీరం నుంచి మత్స్యకారులు

చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో పది డిగ్రీలు. నడినెత్తి దగ్గర పోయే వస్తువు ఆ పిడికిలి దాటడానికి ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టండి. పది సెకన్లు పడితే అది అంతరిక్ష కేంద్రం లాంటిది, ఎండ పడి మెరుస్తోందే తప్ప మండటం లేదు. రెండు సెకన్లయితే 80 కి.మీ. ఎత్తులో రాలుతున్న రాకెట్ ముక్కో, పాత ఉపగ్రహమో. సెకను లోపే దాటి ఆరిపోతే ఉల్క. దిగంతం దగ్గర అన్నీ నెమ్మదిగానే కనిపిస్తాయి కాబట్టి అక్కడ ఈ లెక్క పనికిరాదు. ఉల్క సాధారణంగా ఒకటి, రెండు సెకన్లలో అయిపోతుంది. ఉపగ్రహ శకలాలు అర నిమిషం నుంచి రెండు నిమిషాల దాకా, ఒకే దారిలో ముక్కలు ముక్కలుగా, తోకలతో సాగుతాయి. మీరు చెప్పిన వరస చూస్తే రెండోదే అనిపిస్తోంది. శ్రీహరికోట మీకు నైరుతికి కాస్త దక్షిణంగా సుమారు 330 కి.మీ. దూరంలో ఉంది. ఆ వైపు నుంచి పైకి లేచే వెలుగైతే ప్రయోగమే. తెల్లవారుజామున పొగకు ఎండ తగిలి చాలాసేపు మెరుస్తుంది.

అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి పైనే పోతుంది. కిందికి వచ్చేవి టైటానియం గోళాలు, నల్లటి కార్బన్ నార చుట్టిన గ్యాస్ ట్యాంకులు, ఇంజన్ గొట్టాలు. నీళ్ళ మీద తేలేవి ఎక్కువగా ట్యాంకులే. 2023 జులైలో ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలో జురియన్ బే దగ్గర కొట్టుకొచ్చిన పెద్ద సిలిండర్ మన పీఎస్‌ఎల్‌వీ మూడో దశదై ఉంటుందని ఆ దేశపు అంతరిక్ష సంస్థ తేల్చింది.

దొరికితే బోటులోకి లాగొద్దు, కొయ్యొద్దు, మూత తిప్పొద్దు. లోపల హైడ్రజీన్ అనే ఇంధనం మిగిలి ఉండొచ్చు. అది అమోనియా వాసనేస్తుంది, పీల్చినా చర్మానికి తగిలినా విషమే. వాసన తెలిసేసరికే ఎక్కువ పీల్చేసి ఉంటారు. గాలి ఎటు నుంచి వస్తోందో అటు జరిగి, వల చిక్కితే వల కోసి వదిలేయడమే మేలు. జీపీఎస్ అంకెలు రాసుకుని, దూరం నుంచి ఫోటో తీసి, కోస్ట్‌గార్డ్ 1554కు చెప్పండి. ఒడ్డున దొరికితే 112. పాత ఇనుము కొనేవాళ్ళకు అమ్మొద్దు. అంతర్జాతీయ ఒప్పందాల ప్రకారం ఆ ముక్క పంపిన దేశానిదే. దానివల్ల నేల మీద నష్టం జరిగితే పరిహారం చెల్లించాల్సిందీ ఆ దేశమే, 1972 ఒప్పందంలో ఇది స్పష్టంగా ఉంది. అందుకే ఫోటో, చోటు, సమయం మీ దగ్గర ఉండటం అవసరం.

“హైస్కూలు పిల్లలకు ప్లాస్మా వెలుగును చూపించే ప్రయోగం చెప్పండి. మైక్రోవేవ్‌లో ద్రాక్షపండు పెట్టే వీడియోలు చూసి పిల్లలు అడుగుతున్నారు.”
– సైన్స్ టీచర్, మలికిపురం

ద్రాక్షపండు వద్దు టీచర్ గారూ. ఓవెన్ పాడవుతుంది, గాజు పళ్ళెం పగులుతుంది. మీ బడిలో ప్లాస్మా ఇప్పటికే ఉంది, ట్యూబ్‌లైటులో. దాన్ని విడదీసి చూసే పెట్టె చేయించండి.

30 సెం.మీ. పొడవున్న చెప్పుల అట్టపెట్టె, పాత సీడీ, రెండు షేవింగ్ బ్లేడ్లు, నల్ల కాగితం, టేపు కావాలి. పెట్టె లోపలంతా నల్ల కాగితం అంటించండి. ఒక చివర గోడకు, అడుగు నుంచి ఏడున్నర సెం.మీ. ఎత్తులో, అడ్డంగా చిన్న కిటికీ కోసి, దాని మీద బ్లేడ్లు రెండూ ఎదురెదురుగా అంటించండి. మధ్య సందు రెండు కాగితాల మందం, అంటే 0.2 మిల్లీమీటర్లు మించకూడదు. బ్లేడ్ల పని మీరే చేయండి, పిల్లలకు ఇవ్వొద్దు. రెండో చివర, గోడకు 8 సెం.మీ. ముందు సీడీ కింది అంచు ఆనించి, మెరిసే ముఖం సందు వైపు ఉండేలా, అడుగుతో 60 డిగ్రీల కోణంలో వెనక్కి వాల్చి అంటించండి. మూతకు ఆ చివరి నుంచి 4 సెం.మీ. దూరంలో, సరిగ్గా సీడీ పైన, ఒక సెం.మీ. రంధ్రం పెట్టండి. మూత అంచులకు టేపు వేసి, సందును దీపం వైపు తిప్పి, పై రంధ్రం నుంచి కిందికి చూడాలి.

ట్యూబ్‌లైటుకు ఆకుపచ్చలో 546, ఊదా-నీలంలో 436 నానోమీటర్ల దగ్గర పాదరసం గీతలు పదునుగా కనిపిస్తాయి. ఎల్ఈడీ బల్బుకు గీతలుండవు, రంగుల పట్టీ ఉంటుంది. దీపాలు మార్చేసిన బడులైతే పాత ట్యూబ్ ఒకటి వెతకాలి. స్టవ్ నీలి మంటలో తడి ఉప్పు అంటిన చెంచా పెడితే 589 దగ్గర పసుపు గీత వస్తుంది. వ్యోమనౌక కవచం నుంచి రాలిన సోడియం ఇచ్చేదీ అదే గీత.

రంగులు వచ్చి గీతలు అలుక్కుపోతే సందు వెడల్పయిందని అర్థం. అసలు ఏమీ రాకపోతే వెలుగు సీడీ మధ్య రంధ్రం మీద పడుతోందేమో చూడండి, అది రంధ్రానికి సూటిగా పైన పడాలి. అక్కడే సీడీ గాడులు సందుకు సమాంతరంగా ఉంటాయి, పక్కన పడితే రంగులు ఏటవాలుగా పోతాయి. అంతా తెల్లగా వెలిసిపోయినట్టుంటే మూలల నుంచి వెలుగు దూరుతోంది, ఇంకొక వరస టేపు వేయండి. సందును సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పనివ్వొద్దు.